కరెంట్ పోయి వస్తే రౌటర్ తిరగకూడదు: షెడ్డు డైరీ

ఆదివారం

కంప్యూటర్ చెప్పినట్టు చెక్కను చెక్కే మా సీఎన్‌సీ మెషిన్‌లో బిట్టును (కోసే ముక్కను) తిప్పే మోటార్ పనిముట్టు రౌటర్. దాని స్విచ్ దాని ఒంటి మీదే ఉంది. గ్యాంట్రీకి (మెషిన్ మీద కదిలే అడ్డ దూలానికి) బిగించాక ఆ స్విచ్ వెనక్కి పోయింది. ఆన్ చేయాలంటే బిట్టు పక్కనుంచి చెయ్యి పోనివ్వాలి. ఆఫ్ చేసేటప్పుడూ అంతే, కాకపోతే అప్పుడు బిట్టు నిమిషానికి ఇరవై వేల పైచిలుకు చుట్లు తిరుగుతూ ఉంటుంది. జాబ్ (ఒక చెక్కుడు పని) అయిపోగానే మెషిన్ బుద్ధిగా తన మూలకు పోయి నిలబడుతుంది, రౌటర్ మాత్రం ఎవరైనా వచ్చి ఆపేదాకా అరుస్తూనే ఉంటుంది. ఆన్ చేయకుండా జాబ్ మొదలైతే ఇంకా నష్టం. తిరగని బిట్టును జెడ్ మోటార్ (పైకీ కిందికీ కదిపేది) టేకు చెక్కలోకి నొక్కుతుంది. బిట్టు విరుగుతుంది, లేకపోతే చెక్క మీద గుంత పడుతుంది. రెండింట్లో చెక్క పోవడమే బావకు ఎక్కువ బాధ.

షెడ్డు హసన్‌పర్తిలో. బావది వడ్రంగి పని: దర్వాజలు, పూజగది తలుపులు. చెక్కుడు పని కోసం ఈ సీఎన్‌సీ కట్టుకున్నాం. ఆర్డునో ఉనో అనే చిన్న కంట్రోల్ బోర్డు, దాని మీద వైర్లు కలిపే సీఎన్‌సీ షీల్డ్ బోర్డు, లోపల మెషిన్‌ను నడిపే ఫర్మ్‌వేర్ జీఆర్‌బీఎల్ 1.1, పక్కన మోటార్లకు కరెంట్ ఇచ్చే డ్రైవర్లు, పాత లాప్‌టాప్. రౌటర్ 700 వాట్ల ట్రిమ్మర్, అంటే చిన్న రకం. ఎక్కువ మంది అడిగే డిజైన్ వరంగల్ కోట తోరణం. దాని పైన హంసలు రావాలంటే సన్న బిట్టుతో గంటల తరబడి నడుస్తుంది. అంతసేపు ఒక మనిషి స్విచ్ కోసం కాపలా ఉండటం కుదరదు కాబట్టి రిలే (చిన్న సిగ్నల్‌తో పెద్ద కరెంట్‌ను కలిపే, తెంచే స్విచ్) పెడుతున్నాం. ప్రోగ్రాంలో ఎం3 వస్తే రౌటర్ తిరగాలి, ఎం5 వస్తే ఆగాలి.

బుధవారం రాత్రి

230 వోల్టుల జోలికి పోకముందే సిగ్నల్ చూసుకున్నా. రిలే లేదు, రౌటర్ లేదు. షీల్డ్ పిన్నుకు మల్టీమీటర్ మాత్రమే.

షీల్డ్ మీద స్పిండిల్ ఎనేబుల్ అని ఒక పిన్ను రాసి ఉంటుంది (స్పిండిల్ అంటే మా దగ్గర రౌటరే). జీఆర్‌బీఎల్ 1.1లో స్పిండిల్ సిగ్నల్ అక్కడ రాదు. షీల్డ్ మీది రాతలు పాత జీఆర్‌బీఎల్ కాలానివి. ఆ తర్వాతి వెర్షన్లలో స్పీడ్ కంట్రోల్ కోసం స్పిండిల్‌ను ఆర్డునో పిన్ను డీ11కు మార్చి, జెడ్ లిమిట్‌ను (జెడ్ చివరకు వచ్చిందని చెప్పే స్విచ్‌ను, దీన్నే ఎండ్‌స్టాప్ అంటారు) డీ12కు తెచ్చారు. కాబట్టి స్పిండిల్ వైరు షీల్డ్‌లో జెడ్ ఎండ్‌స్టాప్ అని రాసిన చోట పెట్టాలి, జెడ్ లిమిట్ స్విచ్‌ను స్పిండిల్ ఎనేబుల్ అని రాసిన చోట పెట్టాలి. మార్కర్ తీసుకుని షీల్డ్ మీద కొత్త పేర్లు రాసేశా. రేపు ఇంకెవరైనా విప్పితే వాళ్లకు పనికొస్తుంది.

ఒట్టి ఎం3 పంపితే మీటర్ సున్నా దగ్గరే ఉంది. ఎస్ విలువ (స్పీడ్ అంకె) లేకుండా ఎం3 ఇస్తే స్పీడ్ సున్నా అనే లెక్క. ఎం3 ఎస్1000 అంటే 5 వోల్టులు, ఎస్500 అంటే రెండున్నర చూపించింది. నిజానికి రెండున్నర వోల్టులు అనేవి అక్కడ లేవు. పిన్ను సెకనుకు దాదాపు వెయ్యి సార్లు 5కూ సున్నాకూ మధ్య కొట్టుకుంటోంది, మీటర్ సగటు చూపిస్తోంది, అంతే. స్పీడ్ కంట్రోలర్ ఉన్న స్పిండిల్‌కు అది కావాలి. రిలేకు అదే పెడితే లోపలి రేకు నిలకడ లేక జుయ్యిమని కొట్టుకుంటుంది, కాంటాక్టులు మాడిపోతాయి. అందుకే $30ను (గరిష్ఠ స్పీడ్ సెట్టింగ్) 1 చేశా. ఇప్పుడు ఎస్ ఒకటి ఉన్నా పద్దెనిమిది వేలు ఉన్నా పిన్ను నిండా 5 వోల్టులే ఇస్తుంది. సాఫ్ట్‌వేర్ తనకు తోచిన స్పీడ్ రాసుకున్నా మనకు ఫర్వాలేదు. రౌటర్ అసలు స్పీడ్ ఎటూ దాని నెత్తి మీదున్న చక్రంతోనే. $32 సున్నాలో ఉందో లేదో కూడా చూడాలి. అది లేజర్ మోడ్. అది ఆన్‌లో ఉంటే ఎం3 వేరే లెక్కలో నడుస్తుంది.

గురువారం

రిలే బోర్డు సంగతి. బజార్లో దొరికే నీలం రిలే బోర్డులు ఎక్కువగా లో ట్రిగ్గర్‌వి: పిన్ను సున్నా అయితే రిలే పడుతుంది (ఆన్ అవుతుంది), 5 వోల్టులయితే విడుస్తుంది (ఆఫ్ అవుతుంది). మనకు అది సరిగ్గా తలకిందులు. జీఆర్‌బీఎల్ ఖాళీగా ఉన్నప్పుడు డీ11ను సున్నాలో ఉంచుతుంది. అంటే ఆర్డునోకు పవర్ ఇచ్చిన మరుక్షణం రౌటర్ లేస్తుంది, ఎం3 వస్తే ఆగుతుంది! ఫర్మ్‌వేర్‌లో ఎనేబుల్ పిన్నును తిరగేసే ఆప్షన్ ఒకటి ఉంది కానీ స్పీడ్ కంట్రోల్ ఆన్‌లో ఉన్నంతసేపు అది ఈ పిన్ను మీద పనిచేయదు. దాంతో కుస్తీ పట్టడం కన్నా హై, లో ఎంచుకునే జంపర్ ఉన్న బోర్డు కొనడం తేలిక. మనకు జంపర్ హైలో ఉండాలి.

ఇంకో చిన్న విషయం. లాప్‌టాప్‌లో పోర్ట్ తెరిచిన ప్రతిసారీ ఆర్డునో రీసెట్ అవుతుంది. ఆ కొద్దిసేపు డీ11 అటూ ఇటూ కాకుండా గాల్లో ఉంటుంది. అప్పుడు రిలే టిక్కుమనకుండా డీ11కూ గ్రౌండ్‌కూ మధ్య 10 కిలోఓమ్ రెసిస్టర్ పెట్టా. రూపాయి ఖర్చు కూడా కాదు.

బోర్డు కోసం హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ దాకా పోనక్కర్లేదు, హన్మకొండలోనే దొరికింది. దాని నెత్తిన 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని ఉంది. మా రౌటర్ 700 వాట్లు, 230 వోల్టులు. నడిచేటప్పుడు 3 ఆంపియర్ల చిల్లర. కాగితం మీద సరిపోయినట్టే ఉంది. కానీ ఆ పది ఆంపియర్లు హీటర్ లాంటి లోడ్‌కు చెప్పే లెక్క. కార్బన్ బ్రష్షుల మోటార్ లేచేటప్పుడు దానికి ఎన్నో రెట్లు లాగుతుంది, ఆపేటప్పుడు కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ సాగుతుంది. అలా కొన్ని వారాలు కొట్టుకుంటే కాంటాక్టులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అతుక్కున్న రిలేకు ఎం5 అంటే లెక్క లేదు.

బావ ఎవరి దగ్గరో విని వచ్చాడు, ఎస్‌ఎస్‌ఆర్ పెట్టమని. సాలిడ్ స్టేట్ రిలే: టిక్కుమనదు, కాంటాక్టులు లేవు, అతుక్కునేదీ లేదు. అలా అనే అందరూ అనుకుంటారు. అది చెడిపోతే మాత్రం చాలాసార్లు లోపల షార్ట్ అయి, ఆన్‌లోనే ఉండిపోతుంది. పైగా ఆఫ్‌లో ఉన్నా కొన్ని మిల్లీఆంపియర్లు కారుతూనే ఉంటాయి. నడిచేటప్పుడు ఒక్కో ఆంపియర్‌కు ఒక వాటు, ఒకటిన్నర వాటు వేడి పుడుతుంది, కాబట్టి అల్యూమినియం హీట్ సింక్ కావాలి. టేకు పొట్టు ఎగిరే షెడ్డులో హీట్ సింక్ రెక్కల మధ్య ఏం పేరుకుంటుందో చెప్పక్కర్లేదు. హీటర్లకు, ఓవెన్లకు అది బంగారం. బిట్టు తిరిగే చోట నాకు వద్దు.

కాంటాక్టర్ (మోటార్ల కోసం చేసిన పెద్ద రిలే) పెడుతున్నా. నీలం రిలే కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రమే ఆడిస్తుంది, రౌటర్ కరెంట్ మొత్తం కాంటాక్టర్ మోస్తుంది. ఏసీ-3 అని రాసి 9 ఆంపియర్లు ఉన్నది తీసుకున్నా. ఏసీ-3 అంటే మోటార్ల లెక్కలో ఇచ్చిన రేటింగ్. ఇందులో ఇంకో లాభం: ఫేజ్, న్యూట్రల్ రెండూ తెగుతాయి. మా షెడ్డు పాత వైరింగ్‌లో ఏ సాకెట్‌లో ఫేజ్ ఏ పక్కన ఉందో టెస్టర్ పెడితే గానీ తెలియదు. ఒక్క వైరే తెంచే రిలే న్యూట్రల్‌లో పడిందంటే, రౌటర్ ఆగినట్టే కనిపిస్తుంది కానీ లోపల ఫేజ్ అలాగే ఉంటుంది.

శనివారం

బాపు షెడ్డుకు వచ్చిండు. టేబుల్ మీద కాంటాక్టర్ చూసి, "గిది మన బాయికాడి స్టార్టర్ల ఉండేదే గదరా" అన్నడు. అవునన్న. కాసేపు చూసి, "మరి కరెంట్ పోయి మల్ల అస్తే?" అని అడిగిండు.

ఆ ప్రశ్న దగ్గరే ఈ ప్రాజెక్టు దారి మారింది.

ఊళ్లలో ఆటో స్టార్టర్ తెలియని రైతు ఉండడు. వ్యవసాయానికి కరెంట్ విడతల వారీగా, అర్ధరాత్రి అపరాత్రి వచ్చే రోజుల్లో లేచి బాయి దగ్గరికి పోలేక దాన్ని పెట్టుకున్నారు. కరెంట్ రాగానే మోటార్ తనంత తానే లేస్తుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంట్ మొదలైంది. దానికి ముందు ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పారు. అవసరం లేకున్నా నీళ్లు తోడేస్తాయి, కరెంట్ రాగానే అన్ని మోటార్లూ ఒక్కసారి లేచి ట్రాన్స్‌ఫార్మర్ మీద పడతాయి. బాపు కూడా మాది అప్పుడే పీకేసిండు.

నేను గీసుకున్న సర్క్యూట్ అచ్చంగా ఆటో స్టార్టరే. లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది, ఆర్డునో బతికేది దాని యూఎస్‌బీ మీదే. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచి కరెంట్ పోయిందనుకోండి. రౌటర్ ఆగుతుంది, డ్రైవర్లు ఆగుతాయి. కానీ ఆర్డునోకు ఏమీ తెలియదు. డీ11 ఇంకా 5 వోల్టుల మీదే ఉంటుంది, ప్రోగ్రాం గాల్లో నడుస్తూనే ఉంటుంది. కరెంట్ వచ్చిన క్షణం కాంటాక్టర్ టక్కున పడి రౌటర్ లేస్తుంది, మోటార్లు కదులుతాయి, అయితే మెషిన్ అనుకునే చోటు ఒకటి, బిట్టు ఉన్న చోటు ఇంకొకటి. ఆ లోపు బావ బిట్టు చుట్టూ పొట్టు ఊడుస్తుంటే?

రౌటర్‌ను ఆన్ చేయడానికి రిలే కావాలనుకుని మొదలుపెట్టాం. ఆన్ చేయడంలో పెద్ద పని లేదు. ఏది చెడినా, ఏది ఊడినా, ఏది పోయినా రౌటర్ ఆగిపోయే వైపుకే పడాలి, పడ్డాక మనిషి వచ్చి బటన్ నొక్కేదాకా లేవకూడదు. పనంతా ఇందులోనే ఉంది. కాగితం చింపేసి కొత్తగా గీశా.

ఆదివారం, పొద్దంతా

ఇప్పుడు రెండు కాంటాక్టర్లు. మొదటిది పెద్దన్న. ఆకుపచ్చ బటన్ నొక్కితే పడుతుంది, దాని సొంత సహాయ కాంటాక్ట్ ద్వారా తన కాయిల్‌ను తానే పట్టుకుంటుంది, బాయి మోటార్ స్టార్టర్‌లో ఉన్నట్టే. కరెంట్ ఒక్క క్షణం పోయినా విడుస్తుంది, వచ్చినా లేవదు. ఎర్ర బటన్, పుట్టగొడుగు ఆకారం ఎమర్జెన్సీ బటన్ రెండూ దాని కాయిల్ వైరులోనే వరసగా ఉన్నాయి. అవి మామూలుగా మూసి ఉండే రకం. వైరు ఊడినా, ఎలుక కొరికినా, బటన్ నొక్కినట్టే లెక్క. షెడ్డులో ఎలుకలు ఉన్నాయి.

రౌటర్, డస్ట్ వాక్యూం, డ్రైవర్ల పవర్ సప్లై మూడూ ఈ పెద్దన్న తర్వాతే. రెండో కాంటాక్టర్ రౌటర్‌ది. దాని కాయిల్‌ను నీలం రిలే ఆడిస్తుంది. రిలేలో వైర్లు కామ్, ఎన్‌ఓ (మామూలుగా తెరిచి ఉండే) స్క్రూలకే. ఎన్‌సీ (మామూలుగా మూసి ఉండే) స్క్రూకు పెడితే రిలే చచ్చిపోయినప్పుడు రౌటర్ లేస్తుంది.

అన్నిటికన్నా ముందు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంట్ బయటికి కారితే తెంచేది), ఎంసీబీ (లోడ్ మించితే తెంచేది). కరెంట్ పనికి ఐటీఐ చదువు నాకుంది, కాబట్టి డబ్బా నేనే కట్టా. అది లేనివాళ్లు సిగ్నల్ వైపు ఎంతైనా ఆడుకోవచ్చు, 230 వైపు మాత్రం ఎలక్ట్రీషియన్ అన్నకే వదిలేయాలి. వైరు 1.5 చదరపు మిల్లీమీటర్ల ఫ్లెక్సిబుల్. చివరలకు ఫెర్రుల్స్ (చిన్న లోహపు గొట్టాలు) నొక్కా. సోల్డర్ పోసిన చివర స్క్రూ కింద మెల్లగా అణిగిపోయి లూజ్ అవుతుంది, లూజ్ అయిన చోట వేడెక్కుతుంది. నీలం రిలేను మాత్రం డబ్బాలో వేరే గదిలో పెట్టి మూత మూశా. దాని బోర్డు మీద 5 వోల్టుల గీతకూ 230 వోల్టుల గీతకూ మధ్య ఎడం తక్కువ, వానకాలం తడిసిన టేకు పొడి అక్కడ పడితే కరెంట్ దాని మీదుగా దారి చేసుకుంటుంది.

ఇక ఆర్డునోకు కబురు అందాలి. పెద్దన్నకు ఒక ఎన్‌సీ సహాయ కాంటాక్ట్ ఉంది: అది పడినప్పుడు తెరుచుకుంటుంది, విడిచినప్పుడు మూసుకుంటుంది. దాన్ని షీల్డ్ మీది అబార్ట్ పిన్నుకూ, అంటే ఏ0కూ గ్రౌండ్‌కూ మధ్య కలిపా. కరెంట్ పోయినా, ఎవరైనా ఎర్ర బటన్ కొట్టినా ఏ0 గ్రౌండ్ అవుతుంది, జీఆర్‌బీఎల్ జాబ్ మొత్తం ఆపేసి డీ11ను సున్నా చేస్తుంది. నడుస్తున్నప్పుడు తెగితే అలారం చూపిస్తుంది, మళ్లీ హోమింగ్ (మెషిన్‌ను మూలకు పంపి దాని చోటు గుర్తింపజేయడం) చేసుకోవాలి. అది మంచిదే. చోటు తప్పిన మెషిన్‌ను అక్కడి నుంచే నడపాలనిపించే బుద్ధిని అలారం ఆపుతుంది.

మంగళవారం

బల్బుతో పరీక్ష. రౌటర్ బదులు 100 వాట్ల పాత బల్బు. ఎం3 ఎస్1000, వెలిగింది. ఎం5, ఆరింది. యూఎస్‌బీ పీకి పెట్టా, వెలగలేదు. ఎంసీబీ దించి ఎత్తా, వెలగలేదు. వెలుగుతుండగా ఎర్ర బటన్ కొట్టి, ఆకుపచ్చ నొక్కి చూశా. ఆరింది, ఆరే ఉంది.

బల్బు తీసి రౌటర్ పెట్టగానే గొడవ మొదలైంది. ఆపిన ప్రతిసారీ కాదు కానీ అప్పుడప్పుడు ఎం5 దగ్గర లాప్‌టాప్ టుంగుమని యూఎస్‌బీ పోయిందంటుంది. ఇంకొన్నిసార్లు ఏమీ లేకుండానే అబార్ట్.

రెండు రోగాలు, రెండు మందులు. కాయిల్ తెగినప్పుడు దానిలో దాగిన శక్తి ఎక్కడికో పోవాలి, అది వైర్లలోకి ఉరుకుతుంది. కాంటాక్టర్ కాయిల్ రెండు కొనలకూ అడ్డంగా 100 ఓమ్ రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 కెపాసిటర్ వరసగా పెట్టా. ఎక్స్2 అని రాసి ఉన్నదే కావాలి, మామూలు కెపాసిటర్ 230 వోల్టులకు అడ్డంగా ఉంటే ఏదో ఒకరోజు పేలుతుంది. దీన్నే నీలం రిలే కాంటాక్టుల మీద పెట్టమని కొందరు అంటారు. అక్కడ పెడితే రిలే తెరిచి ఉన్నా కెపాసిటర్ గుండా 7 మిల్లీఆంపియర్ల దాకా పోతూ ఉంటాయి. చిన్న కాయిల్ అయితే ఆ కాస్త కరెంట్‌కే వదలకుండా గుయ్‌మంటూ పట్టుకుని ఉండే ప్రమాదం ఉంది. ఆపడం కోసం ఇంత చేసి, ఆగకుండా చేసే వస్తువు మనమే పెట్టడం ఎందుకు?

రెండోది ఏ0 వైరు. కాంటాక్టర్ పక్కనుంచి, రౌటర్ కేబుల్‌తో కలిసి మీటరు పైన నడుస్తోంది. ఆర్డునో లోపలి పుల్-అప్ (పిన్నును 5 వోల్టుల వైపు పట్టి ఉంచే రెసిస్టర్) చాలా బలహీనం, 20 కిలోఓమ్‌ల పైనే, అందుకే ఆ వైరు యాంటెన్నా లాగా పనిచేస్తోంది. ఏ0 నుంచి 5 వోల్టులకు 1 కిలోఓమ్, ఏ0 నుంచి గ్రౌండ్‌కు 0.1 మైక్రోఫారడ్, వైరు మార్చి చుట్టూ లోహపు జాలి తొడుగు ఉన్నది వేసి, రౌటర్ కేబుల్‌కు దూరంగా వేరే పక్కనుంచి తీసుకెళ్లా. లిమిట్ స్విచ్‌లకూ అదే వైద్యం. యూఎస్‌బీ కేబుల్ పొట్టిది, ఫెర్రైట్ ముద్ద ఉన్నది వేశా. మెషిన్ ఫ్రేమ్‌కు మందమైన ఎర్త్ వైరు బిగించా. ఎర్త్ గుంత ఎండకు బీటలు వారి ఉంది, బావ రెండు బిందెల నీళ్లు పోశాడు.

శుక్రవారం

వాక్యూంకు షీల్డ్ మీది కూలంట్ పిన్ను వాడుకున్నా: ఏ3, ఎం8తో ఆన్, ఎం9తో ఆఫ్. అదీ ఇలాగే రిలే, కాంటాక్టర్. ప్రోగ్రాం మొదట్లో ఎం8, ఒక సెకను ఆగి ఎస్ విలువతో ఎం3, తర్వాత జీ4 పీ3, అంటే ఆగి ఉండమని. జీఆర్‌బీఎల్‌లో పీ అంటే సెకన్లు. ఈ మూడు సెకన్లలో రౌటర్ పూర్తి స్పీడ్ అందుకుంటుంది, ఆ తర్వాతే జెడ్ కిందికి దిగుతుంది. రెండు మోటార్లు ఒక్కసారి లేవకపోవడం వల్ల ఎంసీబీ మీద కూడా భారం తగ్గింది. చివర్లో ఎం5, ఐదు సెకన్లు, ఎం9. ఈ లైన్లన్నీ సాఫ్ట్‌వేర్ పోస్ట్ ప్రాసెసర్‌లో (ప్రోగ్రాం రాసిచ్చే భాగంలో) పెట్టేశా, ఇక ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

రౌటర్ సొంత స్విచ్ ఇప్పుడు ఎప్పుడూ ఆన్‌లోనే. కొన్ని రౌటర్లకు కరెంట్ పోయి వస్తే లేవకుండా లోపలే ఏర్పాటు ఉంటుంది. చేత్తో పట్టుకునేవాడికి అది మంచిదే కానీ అలాంటివి ఈ పద్ధతిలో నడవవు, కొనేముందు చూసుకోవాలి.

బావకు రెండు మాటలు గట్టిగా చెప్పా. మొదటిది: స్క్రీన్ మీద హోల్డ్ నొక్కితే మెషిన్ నిలబడుతుంది కానీ రౌటర్ తిరుగుతూనే ఉంటుంది. జీఆర్‌బీఎల్ ఫీడ్ హోల్డ్‌లో స్పిండిల్‌ను ముట్టుకోదు. అలాగే లాప్‌టాప్ హ్యాంగ్ అయినా ఆర్డునో తన దగ్గర మిగిలిన లైన్లు ముగించి, రౌటర్‌ను తిప్పుతూ అక్కడే కూర్చుంటుంది. ఆ రెండు సందర్భాల్లోనూ ఎర్ర బటనే. రెండోది: బిట్టు మార్చేటప్పుడు రౌటర్ ప్లగ్ పీకాలి. "ఎర్ర బటన్ కొడితే సాలదా బామ్మర్ది?" అన్నాడు. సాలదు బావా, కాంటాక్టర్‌లో ఉన్నవీ లోహపు ముక్కలే, అవీ అతుక్కోవచ్చు. ప్లగ్ చేతికి అందే చోట ఉండేలా సాకెట్‌ను గ్యాంట్రీ పక్కకే జరిపా, లేకపోతే ఎవరూ పీకరు.

ఆదివారం

తోరణం ప్యానెల్ పూర్తిగా నడిచింది. మధ్యలో కావాలనే మెయిన్ దించి ఎత్తా. అన్నీ ఆగాయి, ఏదీ లేవలేదు, స్క్రీన్ మీద అలారం. హోమింగ్ చేసి, ఆగిన లైనుకు కొంచెం ముందునుంచి మళ్లీ నడిపిస్తే హంస మెడ దగ్గర గీత కూడా పడలేదు.

మిగిలింది మూత. పైన పాలికార్బొనేట్ షీట్ డబ్బా వేసి, అది తెరవగానే రౌటర్ ఆగేలా చేయాలి. ఏ1 పిన్నును సేఫ్టీ డోర్‌గా మార్చుకునే వీలు జీఆర్‌బీఎల్‌లో ఉంది, కాకపోతే కాన్ఫిగ్ ఫైల్‌లో ఆ లైను తెరిచి ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కించాలి. మూత మూసి రెజ్యూమ్ ఇస్తే ముందు రౌటర్‌ను లేపి, నాలుగు సెకన్లు ఆగి, అప్పుడు పని మొదలుపెడుతుంది. షీట్ కోయడానికి ఇచ్చాం, ఇంకా రాలేదు.